విశ్రాంతి గురించి తిరుపతి విశ్వాసులు తరచుగా అడిగే ప్రశ్నలు

మన సంఘాల్లో ‘విశ్రాంతి’ అనే మాట ఎక్కువగా వినబడేది చావు ఇంట్లో. ‘ప్రభువు తన విశ్రాంతిలోకి పిలుచుకున్నాడు’ అంటాం. ఫ్లెక్సీ మీద ‘ప్రభువునందు నిద్రించారు’ అని వేయిస్తాం. బతికున్న మనిషి పగలు కాసేపు నడుం వాల్చితే మాత్రం ‘ఏంది, ఒంట్లో బాగలేదా?’ అని అడుగుతాం.

నేను తిరుపతిలో ఇరవై రెండేళ్లు నర్సుగా పనిచేశాను. ఇప్పుడు మా సంఘంలో స్త్రీల కూటం చూసుకుంటున్నాను. కూటంలో నోరు విప్పనివాళ్లు కూడా, ఆమేన్ చెప్పాక చాపలు మడిచే టైంలో ప్రశ్నలు అడుగుతారు. విశ్రాంతి గురించి అలా మళ్లీ మళ్లీ వచ్చినవాటిని ఇక్కడ రాశాను. నేను వేదాంత కళాశాలలో చదువుకున్నదాన్ని కాదు. వాక్యం చెప్పింది వాక్యమని, నాకు తోచింది నాదని విడివిడిగానే చెప్తాను.

విశ్రాంతి ఒంటికి సంబంధించింది కదా అక్కా. ఆత్మకు దాంతో ఏం పని?

ఆదికాండం మొదటి రెండు అధ్యాయాలు నిదానంగా చదవండి. దేవుడు వెలుగును చేసి మంచిదన్నాడు. అన్నీ చేశాక చూసి చాలా మంచిదన్నాడు. కానీ ‘పరిశుద్ధపరచెను’ అనే మాట బైబిల్లో మొట్టమొదట వచ్చింది ఒక రోజు గురించి. ఒక స్థలం గురించో వస్తువు గురించో రాలేదు. పని ఆగిన రోజును దేవుడు పరిశుద్ధపరిచాడు.

ఇంకో సంగతి చూడండి. మనిషిని చేసింది ఆరో రోజున. అంటే ఆదాము కళ్లు తెరిచాక గడిపిన మొదటి నిండు రోజు ఏడోది. తోటలో ఒక్క పాదు కూడా తవ్వకముందే సెలవు వచ్చింది! ఏం కష్టపడ్డాడని? ఏమీ లేదు. మనం విశ్రాంతిని కూలిలాగా చూస్తాం. ముందు పని, అది అయ్యాక మిగిలితే కాస్త నిద్ర. దేవుడు దాన్ని కూలిలాగా ఇవ్వలేదు, బిడ్డకు అన్నం పెట్టినట్టు ముందే పెట్టాడు.

‘అస్తమయమును ఉదయమును కలుగగా’ అని కదా అక్కడ రోజును లెక్కపెట్టింది. యూదులు నేటికీ పొద్దు గూకినప్పటి నుంచే రోజును లెక్కిస్తారు. ఆ లెక్కన రోజు మొదలయ్యేది నిద్రతో. నేను నిద్రలో ఉన్న గంటల్లో కూడా నా పిల్లల ఊపిరి ఆడుతోంది, చెట్టుకు కాయ పెరుగుతోంది. అవి నా చేతిలో లేవని ఒప్పుకోవడం ప్రార్థనలో ఒక భాగమని నా నమ్మకం.

దేవుడు అలసిపోయాడా మరి?

లేదు. ఆయన సొమ్మసిల్లడు, అలయడు అని యెషయా 40వ అధ్యాయంలో ఉంది. అలసిపోనివాడే ఆగి, చేసిందాన్ని చూసి సంతోషించాడు. అలసిపోయే మనం ఆగనంటున్నాం.

ఖాళీగా ఉంటే సోమరితనం అంటారు. విశ్రాంతికీ దానికీ తేడా ఎలా తెలుస్తుంది?

సోమరిని చీమల దగ్గరకు పంపింది బైబిలే. పనిచేయనొల్లనివాడు తినకూడదని పౌలు కూడా రాశాడు. పనిని తక్కువ చేసే మాట నేను చెప్పను. సోమరి పనిని తప్పించుకుంటాడు, దాని బరువు ఇంట్లో ఇంకొకరి మీద పడుతుంది. విశ్రాంతి తీసుకునేవాడు పనిని కింద పెడతాడు, మళ్లీ ఎత్తుకుంటాడు. మీ విశ్రాంతి వల్ల ఇంట్లో మిగతావాళ్లకు పని పెరుగుతోందా తగ్గుతోందా అని చూసుకుంటే చాలు.

అయితే ‘సోమరి’ అనే మాటను ఎవరు అంటున్నారో కూడా గమనించాలి. నిర్గమకాండం 5వ అధ్యాయంలో ఇశ్రాయేలీయులు దేవుణ్ణి ఆరాధించడానికి సెలవు అడిగితే, వాళ్లను బానిసలుగా పెట్టుకున్న ఐగుప్తు రాజు ఫరో ‘మీరు సోమరులు మీరు సోమరులు’ అన్నాడు. గడ్డి ఇవ్వడం మానేసి, ఇటుకల లెక్క మాత్రం తగ్గకూడదన్నాడు. బానిసలను సోమరులన్నవాడు రాజభవనంలో కూర్చున్నవాడు. ఈ కాలం ఫరో ఎక్కువగా మన తలలోనే ఉంటాడు. రాత్రి పదకొండుకు పడుకోబోతుంటే ‘ఇంకా గిన్నెలు ఉన్నాయి కదా’ అంటాడు.

మాది ఆటో. కొండకు వచ్చే జనం శని, ఆదివారాల్లోనే ఎక్కువ. ఆదివారం బండి ఆపితే వారం కిస్తీ ఎవరు కడతారు?

తిరుపతిలో ఇదే అసలు ప్రశ్న. పల్లెలో ప్రసంగించే పాస్టరు గారికి ఈ చిక్కు రాదు. ఇక్కడ లాడ్జీ బాయ్‌కి, హోటల్లో సప్లయర్‌కి, అలిపిరి దగ్గర ట్యాక్సీ నడిపేవాడికి, రైల్వే స్టేషన్ ముందు పండ్లు అమ్మే అమ్మకు ఆదివారం అంటే ఒళ్లు విరిగే రోజు. ఆస్పత్రిలో మాకూ అంతే, జబ్బుకు ఆదివారం ఉండదు.

ఒక తమ్ముడు ఈ ప్రశ్న అడిగినప్పుడు ‘విశ్వాసం ఉంటే దేవుడే చూసుకుంటాడు, బండి ఆపెయ్’ అని ఇంకొకాయన తేలిగ్గా అనేశాడు. ఆయనకు నెల జీతం, ఆదివారం సెలవు. నాకు ఆ మాట నచ్చలేదు. ‘విశ్రాంతిదినము మనుష్యులకొరకే నియమింపబడెను గాని మనుష్యులు విశ్రాంతిదినముకొరకు నియమింపబడలేదు’ అని మార్కు 2:27లో యేసే చెప్పాడు. ఆ రోజు పేరుతో ఒక కుటుంబం మెడకు ఉరి బిగించకూడదు.

అలాగని ఏడు రోజులూ బండి తిప్పమని కూడా చెప్పలేను. ఆ తమ్ముడితో కూర్చుని లెక్క వేశాం. మంగళ, బుధవారాల్లో బేరం పలచగా ఉంటుంది. మధ్యాహ్నం దాకా స్టాండులో వరుసలో నిలబడి, డీజిల్ ఖర్చు కూడా రాని రోజులున్నాయి. అందుకని అతను ఆదివారం మొదటి ఆరాధనకు వచ్చి, తర్వాత బండి తీస్తాడు. మంగళవారం సాయంత్రం నుంచి బుధవారం సాయంత్రం దాకా బండికి కవర్ కప్పేస్తాడు. మొదటి నెల బుధవారం కాళ్లు చేతులు కట్టేసినట్టు ఉందన్నాడు. ఇప్పుడు ఆరోజు చిన్న బిడ్డను బడికి నడిపించుకుని వెళ్తాడు. కిస్తీ ఒకటి పది రోజులు ఆలస్యమైంది, అదీ నిజమే. దేవుడు అద్భుతం చేసి కట్టేశాడని నేను చెప్పను.

అసలు విశ్రాంతి దినం శనివారమా, ఆదివారమా?

పది ఆజ్ఞల్లో ఉన్నది ఏడో రోజు. అందుకే ఏడవ దిన అడ్వెంటిస్టులు శనివారం పాటిస్తారు. ప్రభువు లేచింది వారంలో మొదటి రోజు కాబట్టి మిగతా సంఘాల్లో ఎక్కువ భాగం ఆదివారం కూడుకుంటాయి. ఆదివారాన్ని చట్టంతో సెలవు చేసింది రోమా చక్రవర్తి కాన్‌స్టాంటైన్, క్రీ.శ. 321లో. అందులో కూడా రైతులకు మినహాయింపు ఇచ్చాడు.

మన దేశంలో మిల్లు కూలీలకు ఆదివారం సెలవు తెచ్చింది సంఘాలు కాదు. బొంబాయి బట్టల మిల్లుల కూలీల కోసం నారాయణ్ మేఘాజీ లోఖండే అనే కార్మిక నాయకుడు ఏళ్ల తరబడి పోరాడితే, 1890 జూన్‌లో మిల్లు యజమానులు ఒప్పుకున్నారు. ఆదివారం నాడు బెంచీ మీద కూర్చున్నప్పుడు ఆయన్ను కూడా ఒకసారి తలుచుకోవచ్చు.

రోజుల విషయంలో ప్రతివాడూ తన మనసులో రూఢి చేసుకోవాలని రోమా 14లో పౌలు రాశాడు. నేను అంతకంటే ముందుకు వెళ్లను. రోజు కోసం వాదించుకుని ఏ రోజూ ఆగనివాళ్లను చాలామందిని చూశాను.

మాకు పాడి ఆవులున్నాయి. మామిడి తోట కూడా ఉంది. రైతుకు సెలవెక్కడిది?

చిత్తూరు వైపు నుంచి వచ్చేవాళ్లందరూ అడిగేది ఇదే. ఆవు పొదుగు ఆదివారం అని ఆగదు. రెండు పూటలా పితకాలి, పాల కేంద్రానికి టయానికి పోయాలి. అది చేయొచ్చా అని సందేహం అక్కర్లేదు. విశ్రాంతి దినాన ఎద్దో గాడిదో గుంటలో పడితే వెంటనే పైకి తీయరా అని యేసు అడిగాడు. పొదుగు బిగిసి నొప్పితో నిలబడ్డ ఆవు కూడా అలాంటిదే.

కానీ ఇంకో మాట రైతును కాస్త ఇబ్బంది పెడుతుంది. ‘దున్నుకాలమందైనను కోతకాలమందైనను ఆ దినమున విశ్రమింపవలెను’ అని నిర్గమకాండం 34:21లో ఉంది. పని లేని రోజుల్లో ఆగమంటే ఎవరైనా ఆగుతారు. జూన్, జూలై నెలల్లో తోతాపురి కోతకు వచ్చి, గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరి ఉంటే, కాయ మెత్తబడుతుంటే, అప్పుడు ఆగమనడం మామూలు మాట కాదు. దాని జవాబు మన్నాలో, అంటే అరణ్యంలో ఇశ్రాయేలీయులకు దేవుడు రోజూ కురిపించిన ఆహారంలో ఉందనుకుంటాను. ఆరో రోజున రెండింతలు ఏరుకోమన్నాడు, ఏడో రోజున ఏమీ పడలేదు. అంటే ఆగడానికి కూడా ముందురోజు సిద్ధపడాలి. కోత కూలీలను ముందే మాట్లాడుకోవడం, పక్క తోటవాళ్లతో వంతులు వేసుకోవడం మన చేతిలో ఉన్న పనులే. అది కుదరని సీజన్ ఉంటుంది. అప్పుడు కోత అయ్యాక నాలుగు రోజులు నిజంగా ఆగండి. చాలామంది ఆ నాలుగు రోజులూ కోర్టు పనులకో పెళ్లి పనులకో ఇచ్చేస్తారు.

ఎద్దుకు, గాడిదకు కూడా విశ్రాంతి కావాలని నిర్గమకాండం 23:12 చెప్తుంది. లేవీయకాండం 25లో పొలానికే ఏడో ఏడు సెలవు ఇచ్చాడు. ఏటా చెనిక్కాయలే వేసి, నేల చచ్చిపోయిందని బాధపడేవాళ్లకు ఆ అధ్యాయం బాగా అర్థమవుతుంది.

ఆదివారం గుడి నుంచి వచ్చి కోడికూర, సంగటి చేసేది నేనే. బంధువులొస్తే ఇంకో వంట. నాకు విశ్రాంతి ఏ రోజు?

ఈ ప్రశ్న అడిగినామె నవ్వుతూనే అడిగింది. గదిలో ఎవరూ నవ్వలేదు.

నాలుగో ఆజ్ఞలో ఎవరెవరు పని చేయకూడదో వరసగా ఉంది: నువ్వు, నీ కొడుకు, నీ కూతురు, నీ దాసుడు, నీ దాసి, నీ పశువు, నీ ఇంట్లో ఉన్న పరదేశి. భార్య పేరు లేదు. ఒక అన్న నాతో సరదాగా ‘చూశావా, మీకు మినహాయింపు లేదు’ అన్నాడు. నేను అలా చదవను. ‘నువ్వు’ అన్నదాంట్లోనే ఆమె కూడా ఉంది. ఇంటి యజమానితో చెప్పినట్టే ఇంటి యజమానురాలితోనూ దేవుడు నేరుగా మాట్లాడుతున్నాడు. దాసికి సెలవిచ్చి, ఆ గిన్నెలన్నీ భార్య మీద వేయమని ఆయన ఉద్దేశం అయ్యుండదు.

యేసు ఇంటికొస్తే మార్త పనుల్లో మునిగింది, చెల్లెలు మరియ ఆయన మాట వింటూ కూర్చుంది. ఆ కథ చెప్పి ఆడవాళ్లను మందలించే ప్రసంగాలు చాలా విన్నాను. ‘మార్తలా కంగారు పడొద్దు, మరియలా పాదాల దగ్గర కూర్చో’ అంటారు. ప్రసంగం అయ్యాక వాళ్లే ‘అమ్మా, భోజనం రెడీనా?’ అని అడుగుతారు. మరియ కూర్చోవాలంటే ఆ పూట వంట తక్కువ కావాలి, లేదా ఇంకొకరు గరిటె పట్టుకోవాలి. మా ఇంట్లో ఆదివారం మధ్యాహ్నం పులిహోర, పెరుగన్నం. రెండూ పొద్దున్నే అయిపోతాయి. కోడికూర కావాలంటే శనివారం రాత్రి మా ఆయన వండుతారు. ఉప్పు ఎక్కువ వేస్తారు. తింటాం.

మా ఇంట్లో పనికి వచ్చే అమ్మాయి, కొట్లో పనివాళ్లు క్రైస్తవులు కాదు. వాళ్లకూ సెలవివ్వాలా?

ఇవ్వాలి. ఆజ్ఞలో పరదేశి కూడా ఉన్నాడు. ద్వితీయోపదేశకాండం 5లో కారణం కూడా చెప్పాడు: నువ్వు ఐగుప్తులో దాసుడిగా ఉన్నావు, గుర్తు పెట్టుకో. కొట్లో పనివాళ్లకు వారానికి ఒక రోజు సెలవు 1988 నాటి ఆంధ్రప్రదేశ్ దుకాణాల, సంస్థల చట్టం ప్రకారం కూడా వాళ్ల హక్కు. జీతం కోయకుండా ఇవ్వండి. సెలవుకు జీతం కోసేవాళ్లు ఆదివారం సాక్ష్యం చెప్పడానికి లేస్తే వినడం కష్టం.

దేవుని సేవలో అలసిపోవచ్చా? అది విశ్వాసం తగ్గినట్టా?

మా సంఘంలోనే చూస్తున్నాను. ఆదివారం రెండు ఆరాధనలు, మధ్యాహ్నం సండే స్కూల్, మంగళవారం గృహ కూటం, శుక్రవారం ఉపవాస ప్రార్థన, నెలకోసారి రాత్రి ప్రార్థన. మధ్యలో ఆస్పత్రి, పెళ్లి, భూస్థాపన. పాస్టరు గారికి సోమవారం అయినా దక్కనివ్వరు. ‘అయ్యగారూ, దారిలోనే ఉన్నాం, ఒక్క ప్రార్థన’ అని తలుపు కొడతారు.

ఏలీయా ప్రవక్త కథ 1 రాజులు 19లో చదవండి. కర్మెలు కొండ మీద అంత గొప్ప విజయం అయిన వెంటనే, ఒక చెట్టు కింద కూలబడి చచ్చిపోతానన్నాడు. దేవదూత వచ్చి అతనికి ప్రసంగం చేయలేదు. ‘నీ విశ్వాసం ఏమైంది?’ అనలేదు. రొట్టె, నీళ్లు పెట్టాడు. ఏలీయా తిని మళ్లీ పడుకున్నాడు. దూత పడుకోనిచ్చాడు! రెండోసారి లేపి, ‘నీ శక్తికి మించిన ప్రయాణము నీకు సిద్ధమై యున్నది’ కాబట్టి తినమన్నాడు. దేవుడు అతనితో మెల్లని స్వరంతో మాట్లాడింది ఆ తర్వాత, హోరేబు కొండ దగ్గర. నిద్ర లేకుండా ఆ స్వరం వినబడేదా అని నాకు అనుమానం.

శిష్యులు సేవ చేసి వచ్చి లెక్క చెప్తే యేసు ‘కొంచెముసేపు అలసట తీర్చుకొనుడి’ అన్నాడు. అప్పటికి జనం వచ్చిపోతూ ఉన్నారు, వాళ్లకు తినడానికి కూడా తీరిక లేదు. పని అయిపోయాక అన్న మాట కాదది. పాస్టరు గారికి వారానికి ఒక రోజు ఇవ్వాలని సంఘ పెద్దలే చెప్పాలి, ఆయన నోటితో ఆయన అడగలేరు.

రాత్రంతా ప్రార్థన చేయడం తప్పా అయితే?

తప్పు కాదు. ప్రభువు కొండ మీద రాత్రంతా ప్రార్థించాడు. అదే ప్రభువు తుఫానులో దోనె వెనక తలగడ వేసుకుని నిద్రపోయాడు. రెండూ ఆయనవే. రాత్రి ప్రార్థన అయ్యాక తెల్లవారి బండి నడిపేవాళ్లను మాత్రం కాసేపు పడుకోబెట్టి పంపండి.

నాకు నిద్రే పట్టదు. వాక్యం చదువుతాను, అయినా టెన్షన్. నాలో లోపం ఉందా?

‘తన ప్రియులు నిద్రించుచుండగా ఆయన వారికిచ్చుచున్నాడు’ అనే 127వ కీర్తన వచనం చూపించి, నిద్రపట్టనివాళ్లు ప్రియులు కారని అనేవాళ్లు ఉన్నారు. అది చాలా క్రూరమైన మాట. వారాల తరబడి నిద్ర పట్టకపోతే డాక్టరు దగ్గరకు వెళ్లండి. థైరాయిడ్ కావచ్చు, షుగర్ కావచ్చు, మనసు కుంగడం కావచ్చు. బీపీకి మాత్ర వేసుకోవడానికి లేని సిగ్గు దీనికెందుకు?

మన ప్రాంతానికి ఈ విషయంలో ఒక మంచి చరిత్ర ఉంది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం అందరికీ తెలిసిందే. క్షయ రోగుల కోసం చాలా మిషన్ సంఘాలు కలిసి 1912లో మొదలుపెట్టిన శానిటోరియం అది. అప్పటికి క్షయకు మందు లేదు. స్ట్రెప్టోమైసిన్ వచ్చింది 1940లలో. అంతదాకా అక్కడి వైద్యం ఏమిటంటే మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి. నెలల తరబడి మంచం మీద పడుకోవడమే చికిత్స. నర్సింగ్ చదివేటప్పుడు ఇది విని నవ్వుకున్నాను. తర్వాత నవ్వలేదు. ప్రార్థన చేసే మనుషులే మంచాలు వేసి, ‘ఇక పడుకో’ అని రోగికి చెప్పారు. పడుకోబెట్టడం కూడా పరిచర్యేనని వాళ్లకు తెలుసు.

నా సంగతి కూడా చెప్తాను. ఒక ప్రైవేటు ఆస్పత్రిలో మనుషులు చాలక వరసగా డబుల్ డ్యూటీలు వేశారు. నేనూ కాదనలేదు, ‘సేవ కదా’ అనుకున్నాను. మూడో రాత్రి ఒకరికి వేయాల్సిన ఇంజెక్షన్ ఇంకొకరి మంచం దగ్గరకు తీసుకుపోయాను. ఆ పెద్దాయన కూతురు ‘సిస్టర్, నాన్నకు ఇందాకే వేశారు కదా’ అంది కాబట్టి చెయ్యి ఆగింది. అలసట నా ఒక్కదాని వ్యవహారం అనుకోవడం ఆరోజే మానేశాను.

ఫోన్ చూస్తూ పడుకుంటే విశ్రాంతి కాదా?

వేలు ఆగలేదు, కన్ను ఆగలేదు. ‘ఊరకుండుడి నేనే దేవుడనని తెలిసికొనుడి’ అని 46వ కీర్తనలో ఉంది. మన ఊళ్లల్లో ఏడ్చే బిడ్డను ఒళ్లో వేసుకుని ‘ఊరకుండు నాయనా, ఊరకుండు’ అంటాం కదా, నాకు ఆ వచనం ఆ గొంతుతోనే వినబడుతుంది. యూట్యూబ్‌లో ప్రసంగం పెట్టుకున్నా ఫోన్ ఫోనే, ఏమనుకోకండి.

మా వాడు ఇంటర్. ఆదివారం కూడా కాలేజీలో టెస్టు పెడతారు. మానిపించాలా?

తల్లిగా మీ భయం నాకు తెలుసు, నాకూ ఇద్దరు పిల్లలు. అన్ని టెస్టులూ మానిపించమనను. కానీ వారంలో ఒక పూట వాడి మార్కుల గురించి ఎవరూ మాట్లాడకూడదని ఇంట్లో రూల్ పెట్టండి. పక్కింటి అమ్మాయికి ఎంత వచ్చిందో కూడా. మార్కులు రాకపోయినా వాడు మన బిడ్డేనని వాడికి తెలియాల్సింది పరీక్షకు ముందే, రిజల్ట్స్ వచ్చాక కాదు.

‘నా యొద్దకు రండి, విశ్రాంతి కలుగజేతును’ అని యేసు అన్నాడు. వెంటనే కాడి ఎత్తుకోమన్నాడు. ఇదేం విశ్రాంతి?

మా తాతది పలమనేరు పక్క పల్లె. కొత్త కోడెను సేద్యానికి అలవాటు చేసేటప్పుడు, పాత ఎద్దు పక్కన కట్టేవాడు. బరువంతా పాతదే లాగేది. కోడె పక్కన నడవడం నేర్చుకునేది, అంతే. మెడకు సరిపోని కాడి అయితే పుండు పడుతుందని దాన్ని చెక్కించి, నునుపు చేయించేవాడు. ‘నా కాడి సుళువుగాను’ అన్న మాట చదివినప్పుడల్లా నాకు ఆ చెక్కిన కాడి గుర్తొస్తుంది. ఆయన పని మాన్పించడు, పక్కన నడుస్తాడు. దేవుని ప్రజలకు విశ్రాంతి నిలిచి ఉందని హెబ్రీ 4లో రాసింది పరలోకం గురించే అయినా, దాని రుచి ఇక్కడే కొంచెం చూడమని నేను అర్థం చేసుకున్నాను. చావు ఫ్లెక్సీ దాకా ఆగనక్కర్లేదు.

ఎక్కడ మొదలుపెట్టాలి?

రోజంతా కుదరకపోతే ఒక పూట. ముందురోజే బియ్యం ఏరి, యూనిఫారాలు ఇస్త్రీ చేసి పెట్టండి. ఇంట్లోవాళ్లకు చెప్పి చేయండి. చెప్పకుండా పడుకుంటే జ్వరమొచ్చిందనుకుంటారు.

మీరు పాటిస్తున్నారా అక్కా, నిజం చెప్పండి?

సగం. పోయిన వారం నా పూట మొదలైన పావుగంటకే లేచి బీరువా సర్దాను. ‘ఇది పనా?’ అని మా చిన్నది అడిగింది. చీర మడత సగంలో ఉంది. అలాగే వదిలేసి వచ్చి దాని పక్కన పడుకున్నాను. సాయంత్రం దాకా అది మంచం మీదే వేలాడుతూ ఉంది.